మూడో గాటు

కాలిన ఇంజిన్ ఆయిల్ వాసన, దానికి తోడు ఉతికి ఉతికి మెత్తబడిన పాత లుంగీ గుడ్డ వాసన. ఈ రెండూ కలిసి ఎక్కడ తగిలినా నేను ఒక్క క్షణం ఆగిపోతాను. నిన్న ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తగిలింది. మా కంపెనీ జనరేటర్‌ని చూడటానికి వెళ్ళాను. మా టెక్నీషియన్ నాకంటే ముందే వచ్చి, డిప్‌స్టిక్ లాగి చూసి లోపల పెట్టేస్తున్నాడు. ఆయిల్ ఎంతుందో కొలిచే ఇనప పుల్ల అది. మెకానిక్కులు గేజు అంటారు. "ఫుల్ ఉంది మేడం" అన్నాడు. తుడిచి చూశావా అని అడిగాను. చూశానన్నాడు. నేను భుజాన వేసుకున్న గుడ్డ తీసి అతని ముందు పట్టుకుని మళ్ళీ అదే మాట అడిగాను. ఆ జవాబు సంగతి తర్వాత చెప్తాను. నా వెనకాల నన్ను చాదస్తం మేడం అంటారని నాకు తెలుసు. అననివ్వండి, పోయేదేముంది.

ఈ చాదస్తం నాకు పుట్టుకతో రాలేదు. పన్నెండేళ్ళ కిందట సైదులు ఉస్తాద్ దగ్గర అంటుకుంది. అప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. నాన్నది తెనాలి దగ్గర ఊరు, ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. మా వీధిలో ఇంటికొక కోచింగ్ సెంటరు, మెట్టుకొక హాస్టలు. నేను మెకానికల్ డిప్లొమా చదివి కూడా, అందరు ఆడపిల్లల్లాగే బ్యాంకు పరీక్షలకు కూర్చుని రెండుసార్లు తప్పాను. మూడోసారి ఫీజు కట్టడానికి నాన్న సిద్ధమే, కూర్చోవడానికి నేను సిద్ధంగా లేను. చదివిన చదువుకి పని కావాలన్నాను. "షెడ్డుల్లో ఎవరిస్తారే నీకు పని?" అన్నాడు నాన్న. ఆయన అన్నది నిజమే. హయత్‌నగర్ దాకా తిరిగాను. కొందరు కుర్చీ వేసి, కూల్ డ్రింక్ తాగించి మరీ పంపించేశారు. పని లేదనడానికి అంత మర్యాద ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

సైదులు ఉస్తాద్ షెడ్డు ఎల్బీనగర్ చౌరస్తా దాటాక, సాగర్ రోడ్డుకి వెనక సందులో ఉండేది. పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడిన నేల. ఆయనది నల్గొండ జిల్లా. పొట్టి మనిషి, నెరిసిన గడ్డం, చొక్కా జేబులో ఎప్పుడూ ఇనుము అరగదీసే ఒక మూడు మూలల ఆకురాయి. నాకు కుర్చీ వెయ్యలేదు. ఒక ఇంజిన్ చూపించి ఆయిల్ ఎంతుందో చెప్పమన్నాడు. నేను గేజు లాగి, నిండుగా ఉంది సార్ అన్నాను. "మొదటిసారి తీసిన గేజు అబద్ధం చెప్తది బిడ్డా. లోపల గొట్టం అంచులకున్న ఆయిల్ అంటుకొని ఒస్తది. తుడిచి మళ్ళ పెట్టు" అన్నాడు. ఆయనిచ్చిన పాత లుంగీ గుడ్డతో తుడిచి పెడితే సగమే ఉంది. రేపటినుంచి రమ్మన్నాడు, సార్ అని మాత్రం అనొద్దన్నాడు. అలా అందరిలాగే నేనూ ఉస్తాద్ అనడం మొదలుపెట్టాను.

ఆ షెడ్డుకి వచ్చేవి మామూలు బండ్లు కావు. పాత లారీ ఇంజిన్ని తీసి రాళ్ళు కొట్టే మిషనుకి బిగించడం, ట్రాక్టర్ ఇంజిన్ని తీసి నీళ్ళ పంపుకి పెట్టడం, ఇదీ అక్కడి పని. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిని చాంబర్ అంటారు. కొత్త చోట ఇమడదని దాని అడుగు కోసి, రేకు అతికి, లోతు మార్చేవారు. అలా మార్చాక పాత గేజు ఎందుకూ పనికిరాదు. గాటు వరకు ఉందని చూపిస్తుంది, లోపల ఎంతుందో దేవుడికే ఎరుక. అందుకని ప్రతి ఇంజిన్‌కీ కొత్త గేజు చెయ్యాలి. కొలిచిన ఆయిల్ పోసి, ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, ఒక చాయ్ తాగేంతసేపు ఆగి, పుల్ల ముంచి, ఆయిల్ తడి ఎక్కడుందో అక్కడ ఆకురాయితో గాటు పెట్టాలి. ఇంతకంటే తగ్గకూడదని కింద ఒకటి, ఇంతకంటే మించకూడదని పైన ఒకటి.

ఇందులో ఆయనవి రెండు పట్టింపులు ఉండేవి. ఒకటి, గాటు పెట్టేముందు ఆ బండి పని చేసే జాగాకి వెళ్ళి, అక్కడ అది ఎలా నిలబడుతుందో కళ్ళతో చూడాలి. ఎంత దూరమైనా సరే. రెండోది, ప్రతి గేజుకీ సరిగ్గా అలాంటిదే ఇంకో తీగ కోసి, అవే గాట్లు పెట్టి, రేకు ముక్క మీద ఇంజిన్ పేరు, గాటు పెట్టినవాడి పేరులో మొదటి అక్షరం గీకి గోడకి తగిలించాలి. గేజు పోయిందని ఎవరైనా వస్తే ఆ తీగే ఆధారం. గోడ నిండా తీగలు వేలాడేవి. అన్నిటి మీదా 'సై' అనే ఉండేది. వేరే అక్షరం గోడకెక్కాలని నాకు మహా కోరికగా ఉండేది. చిన్నతనం అనుకోండి, అయినా ఉండేది.

ఏడాది గడిచింది. పెళ్ళిళ్ళ రోజుల్లో మల్లేశం జనరేటర్ వచ్చింది. మల్లేశానికి కర్మన్‌ఘాట్‌లో టెంట్ హౌస్ ఉంది. కుర్చీలు, గిన్నెలు, షామియానాలు, వాటితోపాటు ట్రాలీ మీద బిగించిన ఒకే ఒక్క జనరేటర్. పాత ఇంజిన్ చచ్చిపోతే లారీ ఇంజిన్ ఒకటి కొని, ట్రాలీకి ఇమిడేలా ఉస్తాద్‌తో చాంబర్ మార్పించుకున్నాడు. అతనికి ఒకటే తొందర. మూడు వారాల్లో మూఢం వస్తుంది. ఆ తర్వాత ముహూర్తాలు లేవు. ఏడాది తిండి ఆ మూడు వారాల్లోనే సంపాదించుకోవాలి. అంతా బిగించాక గాట్లు పెట్టడం ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఉస్తాద్ భార్య సాయమ్మకి మలక్‌పేట దవాఖానలో కంటి ఆపరేషన్. రెండు రోజులు రానని, గేజు పని తాను వచ్చాక చూద్దామని చెప్పి ఆయన వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే మల్లేశం వచ్చి నిలబడ్డాడు. ఆ రోజే పెళ్ళి ఉందట. ఉస్తాద్ లేడంటే మొహం వేలాడేశాడు. నేను పెడతానన్నాను. ఎవరూ నన్ను అడగలేదు, నేనే అన్నాను. పక్కన కట్టే ఇంటి మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చాను. ట్రాలీ కింద నాలుగు మూలలా జాకీలు పెట్టి, రసమట్టంలో బుడగ నడిమధ్యకి వచ్చేదాకా సరిచేశాను. పుస్తకంలో చెప్పినట్టు, తరగతిలో పరీక్ష రాసినట్టు. ఎనిమిది లీటర్లకి కింది గాటు, పది లీటర్లకి పై గాటు. ఉస్తాద్ కూడా అంత మట్టంగా ఎప్పుడూ పెట్టి ఉండడని మనసులో అనుకున్నాను కూడా. మల్లేశం మురిసిపోయి "ఇంజనీరమ్మా, నువ్వు లేకుంటే పరేషాన్ అయితుంటి" అన్నాడు. తీగ కోసి, రేకు మీద 'వ' అని గీకి గోడకి తగిలించాను. నా పేరు వసంత.

ఆ సాయంత్రం మల్లేశం ఫోన్ చేశాడు. పెళ్ళి దగ్గర గేజు చూస్తే పై గాటు దాటి బాగా ఎక్కువగా ఉందట, ఏం చెయ్యాలని అడిగాడు. అన్నా, ఎక్కువ ఆయిల్ కూడా ఇంజిన్‌కి చేటే, గాటు దాకా తీసెయ్యండి అని చెప్పాను. పుస్తకంలో అదే ఉంది. పెట్టిన గాటు తప్పేమోనన్న అనుమానం నాకు రవ్వంత కూడా రాలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఉస్తాద్ తిరిగొచ్చి గోడకేసి చూశాడు. కొత్త తీగని వేళ్ళతో తడిమాడు. తిడతాడేమో, మెచ్చుకుంటాడేమో అని చూస్తున్నాను. "బండి నిలబడే జాగ సూసినవా?" అని మాత్రం అడిగాడు. నేను చూశాను ఉస్తాద్ అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. కర్మన్‌ఘాట్ నాకు తెలియని చోటా, ట్రాలీ నిలబెట్టడంలో చూడ్డానికేముంది, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన తల ఊపి పనిలో పడ్డాడు. ఫోన్ సంగతి నేను చెప్పలేదు.

పదో రోజు మధ్యాహ్నం మల్లేశం ట్రాలీని లాక్కొచ్చి షెడ్డు ముందు ఆపాడు. పొద్దున పది దాటాక ముహూర్తమట. జీలకర్ర బెల్లం వేళకి ఇంజిన్‌లోంచి టకటకమని చప్పుడు మొదలైందట. భయపడి ఆపేశాడు. మైకు పోయింది, ఫంక్షన్ హాల్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. పెళ్ళికూతురి తండ్రి అందరి ముందూ మల్లేశం చొక్కా పట్టుకున్నాడట. చొక్కాకి పై గుండీ లేదు. మర్నాడు ఇంకో పెళ్ళి, దానికి అద్దె జనరేటర్ వెతుక్కోవాలని వెళ్ళిపోతూ, ఒకటే మాట పదిసార్లు అన్నాడు, రోజూ గేజు చూశానని, రోజూ గాటు దాకా ఉందని.

చాంబర్ విప్పాం. ఆయిల్ అయిదు లీటర్లు కూడా లేదు. అందులో బేరింగుల పొడి వెండి ముగ్గులా మెరుస్తోంది. ఉస్తాద్ ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. షెడ్డు ముందు ఇటుక మీద వాలి నిలబడ్డ ట్రాలీని చూసేసరికే నాకు విషయం అర్థమైపోయింది. ట్రాలీని ట్రాక్టర్ నుంచి విప్పాక దాని ముందు కాలు కింద మల్లేశం ఒక ఇటుక పెడతాడు. ఆ ఇటుక సరిపోదు, ట్రాలీ ముక్కు కిందికి వాలి నిలబడుతుంది. ఆయిలంతా ముందుకి చేరుతుంది. గేజు ఉన్నదీ ముందే. లేని ఆయిల్‌ని ఉన్నట్టు చూపిస్తుంది. ఆయిల్ పీల్చే గొట్టం మాత్రం వెనక ఉంది, దానికి గాలి తప్ప ఏమీ అందదు. ఎక్కువైందని నేను తీయించింది ఎక్కువ కానే కాదు. రసమట్టంలో బుడగ మధ్యకి తెచ్చి నేను కొలిచింది, ఆ బండి ఎప్పుడూ నిలబడని తీరులో.

ఉస్తాద్ ఏమీ అరవలేదు. చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగి, మొదటిసారి అడిగినట్టే, అదే గొంతుతో అడిగాడు.

"బండి నిలబడే జాగ సూసినవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. చూడలేదన్నాను. ఫోన్ సంగతీ చెప్పాను. ఆయన చాలాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లుంగీ గుడ్డ నా చేతికిచ్చి, చేతులు తుడుచుకుని మల్లేశానికి ఈ మాట నువ్వే పోయి చెప్పు అన్నాడు. మీరు కూడా వస్తారా అని అడిగాను. రానన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసింది నేను, మండింది ఆయన మీద. మనిషి బుద్ధి అంతే.

కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దగ్గర ఆటో దిగి, టెంట్ హౌస్ దాకా నడిచే ఆ పది నిమిషాల్లో, బ్యాంకు పరీక్ష మూడోసారి రాయడానికి నేను మనసులోనే ఒప్పేసుకున్నాను. మల్లేశం కుర్చీలు పేర్పిస్తున్నాడు. నిలబడే చెప్పాను, గాటు తప్పు నాదని, జాగా చూడకుండా చూశానని అబద్ధమాడానని. అతను విని, పేర్చిన కుర్చీల్లోంచి ఒకటి లాగి కూర్చున్నాడు. "పెండ్లిపిల్ల తండ్రి నన్ను దొంగ అన్నడు. ఆయిల్ పొయ్యకుంట పైసల్ మిగిలిచ్చుకుంటుండు అన్నడు. నేను గూడ నేనే ఏదో తప్పు జేసిన అనుకున్న" అన్నాడు. తర్వాత లేచి మళ్ళీ కుర్చీలు పేర్పించడంలో పడ్డాడు.

సాయంత్రం అతనే షెడ్డుకి వచ్చాడు. ఇంజిన్ బాగుచెయ్యండి కానీ ఈమె చెయ్యి మాత్రం దాని మీద పడొద్దన్నాడు. న్యాయమైన మాటే. నేను సంచి సర్దుకుంటున్నాను. ఉస్తాద్ అతనికి చాయ్ తెప్పించి, అది తాగేదాకా ఆగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"తప్పు పెట్టిన చెయ్యే సరి పెట్టాలె మల్లేశం. లేకుంటే ఆ చెయ్యి ఇంకెన్నడు గాటు పెట్టది. నేను పక్కన నిలబడత. చెయ్యి మాత్రం ఆమెదే."

మల్లేశం ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. మలక్‌పేటలో తెలిసిన లేతు మిషను అతన్ని బతిమాలి ఇంజిన్‌ని తిప్పే క్రాంకు కడ్డీని అరగదీయించి, కొత్త బేరింగులు వేసి, ఇంజిన్ మళ్ళీ కట్టడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజుల్లో మల్లేశం చేతికి రావలసిన రెండు పెళ్ళిళ్ళు పోయాయి. మూఢానికి ఇంకా అయిదు రోజులుంది.

ఏడో రోజు పొద్దున ముగ్గురం కర్మన్‌ఘాట్‌లో అతని టెంట్ హౌస్ ముందున్నాం. ట్రాలీని రోజూ ఎలా నిలబెడతావో అలాగే నిలబెట్టన్నా అన్నాను. అతను ఎప్పటి ఇటుకే తెచ్చి పెట్టాడు. ముక్కు కిందికి వాలింది. నేను ఆ మొదటి గాటుకి ముందు ఒక్కసారి ఇక్కడికి వచ్చి ఉంటే చాలు, ఆటోలో పావుగంట. ఆయిల్ కొలిచి పోశాను, ఇంజిన్ నడిపాను, ఆపాను. ఉస్తాద్ అన్న మాట ప్రకారం పక్కన నిలబడ్డాడు. పాత పై గాటు కంటే రెండు వేళ్ళు పైన మూడో గాటు పెట్టాను. పాత పై గాటు ఇక కింది గాటయింది, అడుగున ఉన్న తప్పు గాటుని ఆకురాయితో రుద్ది చెరిపేశాను. మల్లేశం నా చేతిలోంచి గేజు తీసుకుని, తుడిచి, ముంచి, తీసి చూశాడు. మళ్ళీ తుడిచి, ముంచి, తీసి చూశాడు. లోపల పెట్టేశాడు. మిగిలిన ముహూర్తాలు ఆ ఇంజిన్ ఏ పేచీ లేకుండా నడిచింది. మరుసటేడు రెండో జనరేటర్ కొన్నప్పుడు నాకే ఫోన్ చేశాడు. ఇంజనీరమ్మా అని మాత్రం పిలవలేదు, వసంతమ్మా అన్నాడు. నాకు అదే నయమనిపించింది.

షెడ్డుకి వచ్చాక గోడ మీది తీగకి కూడా మూడో గాటు పెట్టాను. దాని మీది తప్పు గాటుని రుద్దబోతే ఉస్తాద్ వద్దన్నాడు. తీగ నా చేతిలోంచి తీసుకుని, తలుపు వెనకాల మూలన ఉన్న మేకుకి తనే తగిలించాడు. తర్వాత అక్కడ నాలుగేళ్ళు పనిచేశాను. ఆ మేకు వైపు ఎప్పుడూ చూడలేదు, చూడబుద్ధి కాలేదు. గోడకి నా అక్షరం ఉన్న తీగలు ఇంకా చాలా ఎక్కాయి. నాన్న మొదట్లో గొణిగినా, తర్వాత ఇంటికి వచ్చినవాళ్ళకి మా అమ్మాయి ఇంజిన్లు కడుతుందని చెప్పుకునేవాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. పోయిన వానాకాలంలో ఉస్తాద్ కూడా పోయాడు. దినాలైపోయాక సాయమ్మ నన్ను హయత్‌నగర్‌లో వాళ్ళింటికి పిలిచి ఒక గోనె సంచి ముందు పెట్టింది. గోడ మీది తీగలన్నీ అందులో ఉన్నాయి. ఆ ఇంజిన్లు చాలావరకు ఈపాటికి ఇనప సామాన్ల కొట్లకి చేరి ఉంటాయి. అడుగున రెండు తీగలు రాగి తీగతో కలిపి కట్టి ఉన్నాయి. ఒకటి నాది, మూడు గాట్లు, 'వ'. రెండోది తుప్పు పట్టి నల్లబడింది. దానికీ మూడు గాట్లే. రేకు మీద 'సై' అని ఉంది.

ఇదేంటమ్మా అని అడిగాను. సాయమ్మ దాన్ని ఎండకి పట్టి చూసింది. "మా పెండ్లైన కొత్తల్ల ముచ్చట. దేవరకొండ దిక్కు రాళ్ళ మిషిన్‌కు గాటు పెట్టిండు, జాగ సూడకుంట. ఇంజిన్ పట్టేసింది. సూసినవా అని సేటు అడిగితె, సూసిన అన్నడు. డ్రైవర్‌ది తప్పని ఆ పిలగాన్ని కొట్టి ఎల్లగొట్టిన్రు. ఈయన తర్వాత ఒక్కడే పోయి సరి గాటు పెట్టొచ్చిండు గని, నోరు మాత్రం ఇప్పలే. ఆ డ్రైవర్ కోసం మస్తు తిరిగిండు, దొర్కలే." తీగ నా చేతికిచ్చి అంది, "నన్ను ఎవ్వలన్న రెండోసారి అడిగితె చెప్తుంటి అని అంటుండె."

తీగలు రెండూ ఇప్పుడు ఆఫీసులో నా టేబుల్ సొరుగులో ఉన్నాయి. కట్టు విప్పలేదు.

నిన్న సెల్లార్‌లో మా టెక్నీషియన్ నా చేతిలో గుడ్డ వైపు చూశాడు. "మొదటిసారి తుడవలే మేడం" అన్నాడు. తుడిచి ముంచితే ఆయిల్ కింది గాటు దగ్గర ఉంది. గుడ్డ అతనికిచ్చి, వెళ్ళి ఆయిల్ డబ్బా తెమ్మన్నాను.